ఆ పూట అన్నం ఎవరు పెట్టారు?

(గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డు విని సిద్ధం చేసినది.)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలోనూ శ్రమ తీసుకొని వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. సంగీతకారుల తొలినాటి కష్టాల గురించి, ఊరూరా తిరిగిన వారి బతుకుల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. అది చాలా పెద్ద విషయం. నాకు ఇచ్చిన సమయంలో ఒదగదు. అందుకని మన తెలుగు నేల మీద గొంతునో వాద్యాన్నో నమ్ముకొని తిరిగినవారి వరకే, అందులోనూ ముఖ్యంగా గడిచిన శతాబ్దపు మొదటి సగం వరకే కుదించుకొంటాను. మాట్లాడుతున్నంతసేపూ ఒకే ప్రశ్న వేసుకొంటూ వెళ్తాను. ఆ పూట వారికి అన్నం ఎవరు పెట్టారు?

ఇంత చిన్న ప్రశ్న ఎందుకండీ అని మీరు అడగవచ్చు. గొప్పవారి జీవితాలు చెప్పుకొనేటప్పుడు మనం ఆకలిని ఒక నగలాగా వాడుతున్నాము. పస్తులున్నాడు, పార్కులో పడుకొన్నాడు, అందుకే అంతటివాడయ్యాడు అంటాము. ఆకలి ఎవరినీ విద్వాంసుణ్ణి చేయదండీ. ఖాళీ కడుపుతో తారస్థాయి అందుకోవడం ఎంత కష్టమో పాడేవారికి తెలుసు. పాట నేర్చుకొన్నవాడికి ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఇంత అన్నం పెట్టి, తలదాచుకోను చోటిచ్చి, డబ్బు అడగకుండా పాఠం చెప్పి ఉంటారు. ఆ పెట్టినవారు ఎవరు, ఏ పద్ధతిలో పెట్టారు, ఎవరికి పెట్టారు, ఎవరికి పెట్టలేదు అన్నదే నేను చెప్పదలచిన విషయం.

అందరికీ తెలిసిన పేరుతో మొదలుపెడతాను. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్యగారు మృదంగం వాయించేవారు, నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. తండ్రి భుజం మీద కూర్చొని భజనలకు వెళ్ళిన పిల్లవాడు, ఆ తరంగాలకు చిందులు వేసి ఊరివారి చేత బాలభరతుడని పిలిపించుకొన్న పిల్లవాడు, పదకొండేళ్ళ వయసు ప్రాంతంలోనే తండ్రిని పోగొట్టుకొన్నాడు. సంగీతం నేర్పుతారని విద్వాంసుల ఇళ్ళలో చేరితే ఒక ఇంట్లో బట్టలు ఉతకడం, ఇంకో ఇంట్లో వంట చేయడం తప్ప పాఠం ముందుకు సాగలేదని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. అది గురుకుల పద్ధతి కదా అంటారేమో. అవును, గురుకుల పద్ధతే. చాకిరీకి మారుగా విద్య అన్నది ఆ ఒప్పందం. అయితే చాకిరీ జరిగి విద్య జరగని ఇళ్ళు కూడా ఉండేవి. వాటి గురించి మనం తక్కువగా మాట్లాడుకొంటాము.

ఆ తరవాత నలభై రూపాయల విలువైన చేతి ఉంగరం ఎనిమిది రూపాయలకు అమ్ముకొని విజయనగరం బయలుదేరాడు. విజయనగరమే ఎందుకు? అక్కడ మహారాజావారు 1919లో స్థాపించిన సంగీత కళాశాల ఉంది. దానికి మొదటి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. 1936 నుంచి ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ద్వారంవారి సంగతి మీకు తెలిసిందే. ఆ కళాశాలలో విద్యార్థిగా చేరదామని వచ్చిన మనిషి వాయులీనం, అంటే వయొలిన్ విని, విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగానే చేర్చుకొన్నారు. సరే, మన పిల్లవాడు వచ్చేసరికి కళాశాలకు వేసవి సెలవులు. పాఠాలు లేవు, వసతి లేదు. ద్వారంవారు దయతలచి అక్కడే ఉండమన్నారు. వారాలు పెట్టే ఇళ్ళు కుదిరాయి. ఈ కాలపు పిల్లలు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట్లో భోజనం చేస్తూ చదువుకోవడాన్ని వారాలు చేసుకోవడం అనేవారు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఇంకో ఇల్లు. ఏడిళ్ళు కుదిరితే చదువు సాగుతుంది. ఐదే కుదిరితే వారానికి రెండు రోజులు మంచినీళ్ళతో గడుస్తుంది.

ఇప్పుడు ఒక సంగతి గమనించండి. తోటి విద్యార్థులు చేసిన తప్పు ఈ అబ్బాయి మీద పడింది. కళాశాలలో ఉండవద్దన్నారు. ఆ మాట ఊళ్ళో పాకగానే వారాలు పెట్టే ఇళ్ళవారు కూడా రావద్దన్నారు. ఒక్క నింద పడితే చోటూ పోయింది, కూడూ పోయింది. ఎందుకు అలా రెండూ ఒకేసారి పోయాయి? ఆ రెండూ హక్కులు కావు కనుక. రెండూ మంచిపేరు మీద ఆధారపడిన దయలు కనుక. ఎల్లమ్మ గుడిలో తలదాచుకొన్న ఆ కుర్రవాణ్ణి సాలూరు చిన్న గురువుగారు, అంటే పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీశారు. డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. కానీ శాస్త్రిగారిదీ కలిగిన ఇల్లు కాదు. ఇంకొకరికి రెండు పూటలా పెట్టగలిగిన సంసారం కాదు. అందుకని శిష్యుడు జోలె కట్టుకొని మాధుకరం, అంటే ఇంటింటా అన్నం భిక్ష, ఎత్తుకొన్నాడు. తెచ్చిన అన్నం రాత్రికి దాచుకొంటే చీమలు పట్టేవట. ఈ చీమల మాట చిన్నదే. కానీ ఒక పూట ఎత్తుకొన్నది రెండు పూటలకు సర్దుకోవలసి వచ్చిందని ఆ చీమలే మనకు చెబుతున్నాయి.

నేను ఈ కథను సీతారామశాస్త్రిగారి కథగా వింటాను. ఆ ఊళ్ళో భవతి భిక్షాందేహి అంటే గుమ్మంలోకి వచ్చి ఒక ముద్ద వేసిన ఇల్లాళ్ళ కథగా వింటాను. వాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు.

విజయనగరం నుంచి తిరిగి వచ్చాక ఏమైంది? పెళ్ళిళ్ళలో కచేరీలు, పండుగలకు పాటలు, పిల్లలకు పాఠాలు. 1942 ఉద్యమంలో జైలుకు వెళ్ళి అలీపురంలో శిక్ష అనుభవించారు. 1944లో పెళ్ళయింది. సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్యులవారి మాట పట్టుకొని మద్రాసు వెళ్ళారు. పగలంతా తిరగడం, రాత్రికి పానగల్ పార్కులో కావలివాడికి ఇంత చిల్లర ఇచ్చి పడుకోవడం. చూడండి, పార్కు నిద్రకు కూడా అద్దె ఉంది. రేడియోలో లలితగీతాలు పాడే అవకాశం బాలాంత్రపు రజనీకాంతరావుగారి వల్ల దొరికింది. సినిమాలో మొదట దొరికింది బృందగానంలో చోటు. తరవాతి కథ మీకందరికీ వచ్చు కనుక అక్కడ ఆపేస్తాను.

ఇంతవరకు విని, మన సమాజం ఎంత గొప్పదండీ, వారాలు పెట్టింది, మాధుకరం పెట్టింది, సత్రాలు కట్టింది అని అనుకొంటున్నారా? కొంచెం ఆగండి. ఈ వారాలు, ఈ మాధుకరం ఎవరికి దొరికేవి? బ్రాహ్మణ బాలురకు. ఆ మాట దాచుకోవలసిన పని లేదు. సంగీతం మీద ఎంత ఆశ ఉన్నా, ఎంత గొంతు ఉన్నా, దూదేకుల కుటుంబంలో పుట్టిన పిల్లవాడు జోలె కట్టుకొని అగ్రహారం వీధిలో నిలబడగలడా? నిలబడలేడు. మరి అతను ఎలా నేర్చుకొన్నాడు?

షేక్ నాజర్‌గారిని తీసుకోండి. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. అదే తరం, ఘంటసాలవారి కంటే రెండేళ్ళు పెద్ద. పిల్లప్పుడే నాటకాల్లో వేషాలు వేశారు. నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్యగారి దగ్గర సంగీతం నేర్చుకొన్నారు. పొట్ట గడవడానికి కొంతకాలం దర్జీపని కూడా చేశారు. ఆయనకు అన్నం పెట్టింది కుట్టుమిషను, ఆ తరవాత ఉద్యమం. కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి వచ్చాక బుర్రకథ అనే పాత రూపం కొత్త ప్రాణం పోసుకొంది. మధ్యలో తంబుర భుజాన వేసుకొని, వేళ్ళకు అందెలు తొడుక్కొని కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు, అంటే వంతపాడేవారు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ముగ్గురు మనుషులు, మూడు వాద్యాలు. తెరలు అక్కరలేదు, రంగస్థలం అక్కరలేదు, నాలుగు బల్లలు వేస్తే చాలు. ఇంత తేలికైన సామానుతో ఎంత దూరమైనా పోవచ్చు. బెంగాల్ కరువు మీద చెప్పారు, పల్నాటి యుద్ధం చెప్పారు, అల్లూరి సీతారామరాజు కథ చెప్పారు.

దళం ఒక ఊరు చేరితే భోజనం ఎక్కడ? ఆ ఊరి పార్టీ సానుభూతిపరుల ఇళ్ళలో. రైతుసంఘం వారి ఇంట్లో, కూలీ ఇంట్లో, మాష్టారి ఇంట్లో. ఇక్కడ కులం పట్టింపు తగ్గింది. పాత పద్ధతి తలుపులు మూసిన చోట కొత్తది ఒకటి తలుపు తెరిచింది. అయితే దీనికీ ఒక షరతు ఉంది. పార్టీ బతికి ఉన్నంతవరకే ఆ తలుపు తెరిచి ఉంటుంది. 1940ల చివర నిర్బంధం విరుచుకుపడగానే ప్రదర్శనలు ఆగిపోయాయి, కళాకారులు చెల్లాచెదరయ్యారు, కొందరు పాట వదిలి వేరే పనులు చూసుకొన్నారు. నాజర్‌గారు నిలబడ్డారు, ఊళ్ళు తిరుగుతూనే ఉన్నారు, ఎందరికో నేర్పారు. పద్మశ్రీ ఎప్పుడు వచ్చింది? 1986లో. అరవై ఆరేళ్ళ వయసులో. ఆ మధ్యకాలమంతా ఆయన ఎలా బతికారన్నది పద్మశ్రీ వార్తలో ఉండదు.

ఇలాంటిదే పొరుగున తమిళదేశంలోనూ జరిగింది. ఇళయరాజాగారి అన్న పావలర్ వరదరాజన్ కమ్యూనిస్టు సభల కోసం పాటల బృందం నడిపేవారు. ఇళయరాజాగారు పద్నాలుగేళ్ళ కుర్రవాడిగా ఆ బృందంతోనే ఊళ్ళు తిరిగారు. తరవాత మద్రాసులో ఆయనే మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారి లలితసంగీత బృందంలో వాయించారు. అంటే రాజకీయ సభల వేదిక, పెళ్ళిపందిరి, కాలేజీ వార్షికోత్సవం, ఇవన్నీ కలిసి సినిమా సంగీతానికి మనుషులను తయారుచేసి పంపాయన్నమాట. ఇది పక్కమాట, అసలు దారికి వస్తాను.

సన్నాయి మేళం సంగతి చూడండి. పెళ్ళి మేళాన్ని నమ్ముకొన్న కుటుంబాలు మన గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఎన్నో ఉన్నాయి. నాయీబ్రాహ్మణులు, ముస్లిములు. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానాగారు తంజావూరు బాణీ మీద మోజుతో నాచియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గరకు వెళ్ళి నేర్చుకొని, చివరికి శ్రీరంగంలో స్థిరపడి, శ్రీరంగనాథుడి సన్నిధిలో వాయించినవారు. ఆయన స్థాయికి చేరినవారు ఎంతమంది? మిగతావారి సంపాదన దేని మీద ఆధారపడింది? ముహూర్తాల మీద. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు. భాద్రపదంలో లేవు. పుష్యంలో లేవు. వీటికి తోడు గురుమౌఢ్యం, శుక్రమౌఢ్యం వచ్చాయంటే పంచాంగంలో నెలలకు నెలలు ఖాళీ. ఆకాశంలో శుక్రుడు సూర్యుడికి దగ్గరగా వెళ్ళి కనిపించకుండా పోతే భూమి మీద డోలు వాయించేవాడి ఇంట్లో పొయ్యి వెలగదు. నవ్వకండి, ఇది లెక్కప్రకారం నిజం. ముహూర్తాలు వచ్చినప్పుడు మాత్రం ఒకే రాత్రి రెండు ఊళ్ళు, ఎద్దుబండిలోనే నిద్ర. పెళ్ళిపందిట్లో మేళగాళ్ళకు విస్తరి వేసేది ఎప్పుడు? బంతులన్నీ లేచాక, పందిరి చివర. మంగళవాద్యం లేనిదే తాళి కట్టరు, ఆ మంగళవాద్యం వాయించినవాడికి మాత్రం ఆఖరి బంతి. సన్నాయి ఊదేవాడు రాత్రంతా ఊపిరి బిగబట్టి వాయించాలి. అతనికి ముందు పెట్టాలా, వెనక పెట్టాలా? మీరే ఆలోచించండి.

ఇప్పుడు నాటకాలకు వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే వెనక వరుసల్లో కూర్చున్న పెద్దవారిలో చాలామంది తెల్లవార్లూ పద్యనాటకం చూసినవారే. మీకు కృష్ణుడు వేసినవారి పేరు గుర్తుంటుంది, హరిశ్చంద్రుడు వేసినవారి పేరు గుర్తుంటుంది. ఆ రాత్రి హార్మోనియం వాయించిన మనిషి పేరు ఎందరికి గుర్తుంది?

కాంట్రాక్టు నాటకం ఎలా నడిచేదో తెలియనివారికి చెబుతాను. ఊళ్ళో తిరునాళ్ళనో శ్రీరామనవమి అనో పెద్దలు చందాలు వసూలుచేసి కాంట్రాక్టరుకు బయానా ఇస్తారు. అతను కృష్ణుణ్ణి ఒక ఊరి నుంచి, అర్జునుణ్ణి ఇంకో ఊరి నుంచి, దుర్యోధనుణ్ణి మూడో ఊరి నుంచి పిలిపిస్తాడు. వీరందరూ కలుసుకొనేది ఆ సాయంత్రం రంగు వేసుకొనే చోటనే. రిహార్సలు లేదు. ఒకరిది నాలుగు శ్రుతి, ఒకరిది ఐదు, ఇంకొకరికి ఆ రోజు జలుబు, కాబట్టి సగం తగ్గించాలి. మైకు లేని రోజుల్లో వేలమందికి వినబడాలి కనుక గొంతు పైస్థాయిలోనే ఉండాలి. పద్యం చివర రాగం తీసేటప్పుడు నటుడు ఎటు పోతాడో అతనికే తెలియదు. హార్మోనిస్టు వెంటపడాలి, అవసరమైతే ముందే వెళ్ళి స్వరం చూపించాలి. నటుడు పద్యం మరిచిపోతే రెండు ఆవర్తాలు వాయించి మాట అందుకొనే వ్యవధి ఇవ్వాలి. వన్స్ మోర్ అంటే మళ్ళీ మొదటి నుంచి. ఇదంతా తొమ్మిది, పది గంటలకు మొదలై కోడి కూసేదాకా. ఇందరు కొత్త మనుషులను ఒక నాటకంగా కుట్టింది ఎవరు? హార్మోనిస్టు కాదా?

అతని ప్రయాణం చూడండి. మడతపెట్టే కాళ్ళ హార్మోనియం బరువైన పెట్టె. రైలుదిగి బండి మాట్లాడుకోవాలి, బస్సు మీదికి ఎక్కించాలి, పైన వేస్తే వానకు తడుస్తుందన్న బెంగ. రీడ్లు తుప్పు పడితే శ్రుతి మారుతుంది, తిత్తికి చిల్లు పడితే గాలి నిలవదు. అందుకే సగంమంది హార్మోనిస్టులు మరమ్మతు కూడా తెలిసినవారే. డబ్బు విషయానికి వస్తే, పేరున్న నటుడు రంగు వేసుకొనే ముందే తన మొత్తం పుచ్చుకొనేవాడు. ఇవ్వకపోతే తెర లేవదు, అతను మొండికేయగలడు. హార్మోనియం, తబలా వారికి తెల్లవారాక లెక్కలు చూసి ఇచ్చేవారు. నడిరాత్రి వాన వచ్చి నాటకం ఆగిపోయిందా, కాంట్రాక్టరు ముఖం చాటేశాడా, నష్టం ముందు వీరిదే. పంటలు ఇంటికి వచ్చిన సంక్రాంతి నుంచి కోటప్పకొండ వంటి శివరాత్రి తిరునాళ్ళ మీదుగా ఎండాకాలం దాకా పని. చినుకు పడితే ఖాళీ. ఆ నెలల్లో పిల్లలకు సరళీస్వరాలు చెప్పుకోవడం, పెట్టెలు బాగుచేసుకోవడం, అప్పులు చేయడం.

రేడియోలో పని దొరికేది కదా అంటారా? గాయకులకు దొరికింది, వైణికులకు దొరికింది. హార్మోనియం మన సంగీతపు గమకాలకు, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, పనికిరాదని ఆకాశవాణి 1940 మార్చి 1 నుంచి ఆ వాద్యాన్ని నిషేధించింది. 1971లో గాని సడలించలేదు. శాస్త్రపరంగా ఆ అభ్యంతరంలో కొంత నిజం లేకపోలేదు, ఈ విషయం మీద పండితులు ఇప్పటికీ వాదించుకొంటారు. నేను చెప్పేది వేరు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైనప్పుడు ఎందరో విద్వాంసులకు నెల జీతం వచ్చింది, బండి ప్రయాణాలు తప్పాయి, పిల్లల చదువులు ఒక ఊళ్ళో సాగాయి. ఆ వరసలో నిలబడే అర్హత నాటకాల హార్మోనిస్టుకు వాద్యం పేరుతోనే పోయింది. సరిగ్గా అవే ఏళ్ళలో సినిమా వచ్చి నాటకపు గిరాకీ తగ్గించింది. రెండు దెబ్బలు ఒకేసారి.

సురభివారి సంగతి దీనికి భిన్నం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాలలో నటుడూ, హార్మోనిస్టూ, తెర లాగేవాడూ, వంట చేసేవారూ అందరూ బంధువులే. ఇల్లే సంస్థ, సంస్థే ఇల్లు. ఊరు మారితే తెరలతో, పిల్లలతో, వంటపాత్రలతో సహా మారతారు. టిక్కెట్లు అమ్ముడుపోని రోజు అందరూ సగం కడుపుతో పడుకొంటారు, అమ్ముడుపోయిన రోజు అందరూ తింటారు. వాద్యకారుడికి ఆఖరి బంతి అన్నది అక్కడ లేదు. ఇంకొక మాట. ఆడవేషాలు మగవారు వేసే కాలంలోనే సురభిలో స్త్రీలు రంగస్థలం ఎక్కారు. ఎందుకు సాధ్యమైంది? వారు ప్రయాణం చేసింది సొంత కుటుంబంతో కనుక. పరాయి బృందంతో ఊళ్ళు తిరిగే స్త్రీని ఆనాటి లోకం ఏమనేదో నేను చెప్పనవసరం లేదు. కళావంతుల ఇళ్ళలో పుట్టి గొప్పగా పాడిన స్త్రీలు ఆ మాటలు పడుతూనే పాడారు. ఈ మధ్యకాలంలో ఆడపిల్లలు హరికథ చెప్పడానికి ధైర్యంగా ఊళ్ళు వెళ్తున్నారంటే కపిలేశ్వరపురంలోని సర్వారాయ హరికథా పాఠశాల వంటి చోట్ల భోజనం, వసతి ఇచ్చి విద్య చెప్పడం దానికి ఒక ముఖ్య కారణం. మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే సమాధానం. అన్నం పెట్టి నేర్పినచోట విద్య నిలిచింది.

సమయం అయిందని అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. ఒక్క విన్నపం చేసి కూర్చొంటాను. నేను ఇప్పటిదాకా చెప్పినవారిలో పేరున్నవారి జీవితాలు ఎవరో ఒకరు రాశారు. హార్మోనిస్టుల గురించి, వంతల గురించి, డోలు విద్వాంసుల గురించి రాతపూర్వకంగా మనకు దొరికే ఆధారాలు రెండే. ఒకటి నాటకాల కరపత్రాలు. వాటిలో నటుల పేర్లు పెద్ద అక్షరాలలో, హార్మోనియం వారి పేరు అడుగున చిన్న అక్షరాలలో, కొన్నిటిలో అదీ లేకుండా ఉంటుంది. రెండవది ఉత్సవ కమిటీల జమాఖర్చు పుస్తకాలు. మేళానికి ఎంత, బండికి ఎంత, భోజనాలకు ఎంత, బాకీ ఎంత అన్నది ఆ పుస్తకాలలో తేదీతో సహా ఉంటుంది. కరపత్రాలు చెత్తలో పోతున్నాయి, పుస్తకాలు ఊరి పెద్దల అటకల మీద చెదలు పడుతున్నాయి. మీ ఇళ్ళలో అటువంటివి ఉంటే పారవేయకండి. ఈ గ్రంథాలయానికి తెచ్చి ఇవ్వండి, ఇవ్వడం ఇష్టం లేకపోతే ఫోటోలు తీసుకోనివ్వండి. కార్యదర్శిగారు బయట ద్వారం దగ్గరే కూర్చొని ఉంటారు, వారికి మీ ఊరి పేరు, ఏ సంవత్సరం పుస్తకమో చెప్పి వెళ్ళండి. నమస్కారం.